కక్కూసు

ఈ శీర్షిక చూచి పాఠకులు ముక్కు మూసికొనవలదని ప్రార్థన. అలమార, బొత్తాము పోర్చుగీసు మాటలని బడిపిల్లలకు నిస్సంకోచముగా చెప్పుదుము; కక్కూసు డచ్చివారి మాటయని చెప్పుటకు మాత్రము నోరు రాదు. ‘కక్కు’ ధాతువునకు దీనిని ముడిపెట్టువారు కొందరు కలరు గాని, అది పొరపాటు. డచ్చిభాషలో ‘కక్’ అనగా మలము, ‘హౌస్’ అనగా ఇల్లు. మన శిశువుల ‘కక్క’ దీనిని పోలినను, చంటిబిడ్డల మాటలు చాల భాషలలో ఒక్కతీరుగనే యుండును. దానినిబట్టి బంధుత్వము కల్పింపరాదు.

డచ్చివారి తూర్పిండియా సంఘము 1602లో ఏర్పడినది. కొలది యేండ్లకే మచిలీబందరున వారి కోఠీ వెలసెను. మా రాజోలు వైపునుండి వసిష్ఠ దాటినచో పాలకొల్లు. అక్కడను వారు మన నేతగాండ్ర బట్టలు కొని ఓడల కెక్కించిరి. 1824 నాటి ఒడంబడికచే 1825లో ఆ ఊరు ఆంగ్లేయుల పరమయ్యెను. ఈ మాట పాలకొల్లున దిగి పడవమీద మా సీమకు వచ్చెనని వ్రాయవలెనని నాకు ఆశ. కాని తమిళులకును సింహళులకును ఇదే మాట కలదు. ఆ తీరములందును డచ్చివారుండిరి. ఆశ సాక్ష్యము కాజాలదు.

నన్ను ఆలోచింపజేసినది మాటలోని రెండవ సగము. మనవారు ‘దొడ్డికి’ పోయిరి, ‘బహిర్భూమికి’ వెళ్లిరి. రెండును ఆరుబయటి చోట్లే. పరభాషాపదములో ఇల్లున్నది. పల్లెబయట చేను, ఎండ, పంది చేసిన పనిని గోడలనడుమ ఎవరు చేయవలెను? ఒక కులము నెత్తిన ఆ తట్ట పెట్టితిమి. కక్కూసు మోటయని తోచగా లెట్రిను అంటిమి, పిదప బాత్రూము అంటిమి. తట్ట మోసినవారికి మాత్రము ‘పాకీ’ యను పేరు మార్చుట మనకు తోచలేదు. ఆ పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టమును, 2013లో మరియొకటియు వచ్చినవి. తెలుగు మాటలాడు దళిత కుటుంబమున, కోలారు బంగారుగనుల వద్ద పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఇందుకై చేసిన పోరాటమునకు 2016లో మెగసెసే పురస్కారము లభించినది. చట్టములు వచ్చిన తరువాతను మురుగుగుంతలలో దిగి మనుష్యులు చనిపోవుచునే యున్నారు.

మా వీధిలోని పాతయిండ్ల వెనుకగోడలకు, మోకాలెత్తున, ఇటుకలతో పూడ్చిన కంతలు ఇంకను కనబడును. అవి దేనికని మొన్న ఒక విద్యార్థి అడిగెను. మాటకు వ్యుత్పత్తి చెప్పితిని. కంత సంగతి రేపు చెప్పెదనంటిని.