గడియారం కింద కలుద్దాం

ఒక కొట్టు పేరు మార్చినందుకు ఊళ్లో జనం ప్లకార్డులు పట్టుకుని వీధిలో నిలబడ్డారంటే మీరు నమ్ముతారా? కొట్టు మూసేసినందుకు కాదు, ధరలు పెంచినందుకూ కాదు. కేవలం పేరు మార్చినందుకు! 2006లో మా పిన్ని చికాగో నుంచి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే నేను పక్కున నవ్వేశాను.

"బాగుంది పిన్నీ! పెళ్లవగానే మనకి ఇంటిపేరు మార్చేస్తే ఎవరైనా వీధిలో నిలబడ్డారా?" అన్నాను.

పిన్ని నవ్వలేదు. "నువ్వొకసారి రావే. చూసి, ఆ తర్వాత మాట్లాడు" అంది.

ఆ 'ఒకసారి' రావడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. 2024 అక్టోబరులో వెళ్లాను. వెళ్లిన మూడోరోజు పొద్దున్నే పిన్ని ముతక కోటొకటి నాకు తొడిగి, రైలెక్కించి, ఊరి నడిబొడ్డుకి తీసుకెళ్లింది. స్టేట్ స్ట్రీటూ, వాషింగ్టన్ స్ట్రీటూ కలిసే మూల మీద, నిలువెత్తు రాతి మేడ గోడకి వేలాడుతూ ఓ పెద్ద కంచు గడియారం. ఆకుపచ్చగా చిలుం పట్టి, ముసలి పెద్దమనిషిలా ఉంది. 1897 నుంచీ ఆ మూల మీద గడియారం ఉందట.

"ఇదుగో, ఇక్కడే నిలబడ్డారు వాళ్లంతా" అంది పిన్ని.

ఆ మేడ పేరు మార్షల్ ఫీల్డ్స్. కాదు, కాదు... ఒకప్పటి పేరు. ఇప్పుడు తలుపుల మీద మేసీస్ అని ఉంది. కానీ మూల గోడకి బిగించిన పాత కంచు పలక మీద మాత్రం మార్షల్ ఫీల్డ్ అండ్ కంపెనీ అనే అక్షరాలు అలాగే ఉన్నాయి. కొత్తింటి పేరు పెట్టుకున్నా, పాత ట్రంకుపెట్టె మీద పుట్టింటి పేరు చెరిగిపోనట్టు!

ఈ కొట్టు కథ మొదలైంది 1852లో. పాటర్ పామర్ అనే ఆయన చికాగోలో బట్టల వ్యాపారం పెట్టాడు. మార్షల్ ఫీల్డ్ మసాచుసెట్స్‌లో రైతుబిడ్డ. గుమాస్తాగా చికాగో చేరి, 1865లో ఆ వ్యాపారంలో భాగస్తుడయ్యాడు. 1871 అక్టోబరులో చికాగో తగలబడింది. అదేం మాటవరసకి కాదు, నిజంగానే ఊరి నడిమధ్యంతా బూడిదైంది. కొట్టూ పోయింది. కొద్ది వారాల్లోనే వీళ్లు గుర్రపు ట్రాముల కొట్టం ఒకటి అద్దెకి తీసుకుని, గుర్రాలు కట్టేసే చోట సిల్కు బట్టలు పరిచి అమ్మడం మొదలుపెట్టారు! అలాంటి మొండి ఘటం.

ఆ తర్వాత వీధంత మేడ లేచింది. 1907లో టిఫానీ చేత లోపలి కప్పుకి రంగుటద్దాల అలంకారం చేయించారు. పదహారు లక్షల గాజుముక్కలట! నేను మెడ వాల్చి చూస్తూ నిలబడిపోయాను. గుమాస్తా ఎవరో ఒకావిడతో వాదనకి దిగితే, "ఆవిడకేం కావాలో అది ఇవ్వవయ్యా!" అని ఫీల్డ్ గారు అన్నాడని చెప్పుకుంటారు. ఆ మాటే కొట్టుకి మంత్రమైపోయింది.

ఇంతవరకూ వింటే ఏముంది, డబ్బున్న షావుకారు గొప్పలు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అసలు సంగతి పిన్ని పై అంతస్తులో, వాల్నట్ రూమ్ అనే ఫలహారశాలలో కూర్చోబెట్టి చెప్పింది.

ఆ రోజుల్లో అమెరికాలో ఆడది ఒంటరిగా బజారుకెళితే ఎక్కడ కూర్చోవాలి? మగతోడు లేకుండా వచ్చిన స్త్రీకి చాలా హోటళ్లలో భోజనం పెట్టేవారు కాదు. కాలు నొప్పెడితే కూర్చునే చోటు లేదు. ఇక మిగతా అవసరాల మాట... ఆడవాళ్లం, మనకి వేరే చెప్పాలా? పెద్ద కొట్లు వచ్చాకే ఆ చిక్కు తీరింది. అక్కడ కూర్చోవడానికి గదులు, ఉత్తరాలు రాసుకోవడానికి బల్లలు, స్నానాల గదులు, పత్రికలు. ఏమీ కొనకపోయినా పొమ్మనేవాళ్లు లేరు.

ఫలహారశాల పుట్టిన కథ ఇంకా బాగుంటుంది. 1890 ప్రాంతంలో, టోపీలు అమ్మే విభాగంలో హెరింగ్ అనే ఆవిడ పనిచేసేది. ఓ రోజు బేరానికొచ్చిన ఆడవాళ్లు ఆకలికి సోలిపోతుంటే, ఇంటి నుంచి తెచ్చుకున్న చికెన్ పైని వాళ్లకి పెట్టిందట. వాళ్లు లొట్టలేసుకుంటూ తిని, మళ్లీ కావాలన్నారు. ఆ ఏడాదే కొట్టువాళ్లు చిన్న టీ గది తెరిచారు. ఒక మామూలు ఉద్యోగిని తన క్యారియర్ విప్పి పరాయివాళ్లకి పెట్టడంతో మొదలైన సంగతి అది. ఈ కథంతా చెప్పి, శాకాహారి అయిన మా పిన్ని మాత్రం కాఫీ, ఓ కేకు ముక్క తెప్పించుకుంది!

"నీకూ ఈ కొట్టుకీ ఏమిటే ఇంత సంబంధం?" అని అప్పుడడిగాను.

1965లో అమెరికా వలస చట్టం మారిన తర్వాత మనవైపు నుంచి వెళ్లిన డాక్టర్లలో మా బాబాయి ఒకడు. 1974లో, ఇరవై రెండేళ్లప్పుడు, పిన్ని కాపురానికి వెళ్లింది. బాబాయికి ఆసుపత్రిలో పగలూ రాత్రీ డ్యూటీ. ఆవిడకి ఆ భాష పుస్తకాల్లోనే తెలుసు. మాట్లాడే తెలుగు మనిషి ఆ చుట్టుపక్కల లేదు. గదిలో హీటరు చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు.

"జనవరిలో ఒకరోజు ఇక పిచ్చెక్కిపోతుందనిపించిందే. చీర మీద మీ బాబాయి కోటు వేసుకుని, రైలెక్కి ఇక్కడికొచ్చాను. లోపలికి రాగానే వెచ్చగా ఉంది. వెలుగుగా ఉంది. చుట్టూ మనుషులు. సాయంత్రం దాకా అంతస్తులన్నీ తిరిగాను. ఎందుకొచ్చావని ఒక్కళ్లడగలేదు. చేతి తొడుగులమ్మే ముసలావిడ ఒకావిడ నా చేతులు చూసి, 'చలికి పగిలిపోయాయే' అని తన చేతుల్లోకి తీసుకుంది. అమ్మ గుర్తొచ్చి ఏడ్చేశాను. ఆ శీతాకాలమంతా వారానికోసారి వచ్చేదాన్ని. కొన్నది మాత్రం ఒక్క జత తొడుగులు. దాన్నే పచ్చడబ్బాలో పెట్టి, రాణీగారికిచ్చినట్టు ఇచ్చారు."

ఆ పచ్చడబ్బా ఇంకా పిన్ని దగ్గరుంది. అందులో సూదులూ, దారం ఉండలూ దాచుకుంటుంది.

చికాగో ఒక్కటే కాదు. ఫిలడెల్ఫియాలో వానమేకర్స్ ఉండేది. జాన్ వానమేకర్ 1876లో పాత రైల్వే గోదాములో పెద్ద కొట్టు తెరిచి, వస్తువు మీద ధర చీటీ అంటించి, అందరికీ ఒకటే ధర అన్నాడు. బేరం లేదు, నచ్చకపోతే డబ్బు వాపసు. ఆ కొట్టు నడిమి హాల్లో కంచు గద్ద బొమ్మ ఒకటి ఉంది. ఊరి జనానికి 'గద్ద దగ్గర కలుద్దాం' అనడం అలవాటు. పిట్స్‌బర్గ్ వాళ్లకి కాఫ్‌మన్స్ గడియారం, చికాగో వాళ్లకి ఇది. ప్రతి ఊరికీ ఇలా ఒక మూల ఉండేది.

ఆగండి. అంతా తీపి చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది.

అట్లాంటాలో రిచ్స్ అనే కొట్టుండేది. 1930లో నగరపాలక సంస్థ దగ్గర డబ్బుల్లేక టీచర్లకి జీతాలకి బదులు కాగితపు చీటీలిస్తే, ఆ చీటీలకి పూర్తి విలువ లెక్కగట్టి నగదు ఇచ్చింది రిచ్స్. కొనాలన్న నిబంధన కూడా పెట్టలేదు. ఊరు దాన్ని నెత్తిన పెట్టుకుంది. కానీ ఆ ఊళ్లోనే నల్లజాతి స్త్రీ రిచ్స్‌లో డబ్బిచ్చి టోపీ కొనుక్కోవచ్చు, పక్కనున్న మాగ్నోలియా రూమ్‌లో కూర్చుని కప్పు కాఫీ తాగడానికి వీల్లేదు! 1960 అక్టోబరు 19న మార్టిన్ లూథర్ కింగ్, విద్యార్థులు అక్కడికెళ్లి కూర్చున్నారు. అరెస్టయ్యారు. మరుసటి ఏడాదికి గానీ ఆ బల్లలు అందరివీ కాలేదు. ఒకరికి పుట్టిల్లులా అనిపించిన చోటే ఇంకొకరిని గుమ్మంలో నిలబెట్టింది. అలా నిలబెట్టినందుకు వాళ్లు పోరాడారంటే, లోపల కూర్చోగలగడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

మరి ఇవన్నీ ఎలా పోయాయి? ఒక్కరోజులో పోలేదు. యుద్ధం తర్వాత కార్లొచ్చాయి. జనం ఊరి చివరి కాలనీలకి తరలిపోయారు. 1956లో మినియాపోలిస్ పక్కన, పైకప్పు వేసి చలి తగలకుండా కట్టిన మొదటి పెద్ద మాల్ సౌత్‌డేల్ తెరిచారు. దాన్ని కట్టించిందెవరో తెలుసా? ఆ ఊరి పెద్ద కొట్టు డేటన్స్ వాళ్లే! 1962లో టార్గెట్ పుట్టింది. అదీ డేటన్స్ బిడ్డే. వాల్‌మార్ట్, కేమార్ట్ కూడా ఆ ఏడాదివే. చవగ్గా దొరికితే ఎవరు మాత్రం వద్దంటారు?

మార్షల్ ఫీల్డ్స్ 1982లో ఓ సిగరెట్ల కంపెనీ చేతికి వెళ్లింది. 1990లో డేటన్ హడ్సన్ వాళ్లు, 2004లో మే కంపెనీ వాళ్లు, 2005లో ఫెడరేటెడ్ వాళ్లు. మేసీస్ ఈ ఫెడరేటెడ్ వాళ్లదే. ఊరికో పేరెందుకు, ఊరికో ప్రకటన ఖర్చెందుకు, సరుకంతా ఒకేచోట కొందాం అనుకున్నారు. 2006 సెప్టెంబరు 9న బోస్టన్ ఫైలీన్స్, పిట్స్‌బర్గ్ కాఫ్‌మన్స్, హ్యూస్టన్ ఫోలీస్, చికాగో ఫీల్డ్స్... సుమారు 400 కొట్లకి ఒక్కరోజే ఇంటిపేరు మార్చేశారు. సామూహిక వివాహాలన్నమాట!

ఇందులో ఓ చిత్రం ఉంది. 2001లో మినియాపోలిస్ వాళ్ల డేటన్స్ బోర్డులు తీసి మార్షల్ ఫీల్డ్స్ అని పెట్టారు. అప్పుడు మినియాపోలిస్ ఆడవాళ్లు నొచ్చుకుంటే చికాగో వాళ్లెవరూ ప్లకార్డు పట్టుకోలేదు. మన గుమ్మం దాకా వస్తే గానీ తెలియదు కదా.

పోనీ మేసీస్ రాక్షసా అంటే, అదీ కాదు. 1858లో న్యూయార్కులో చిన్న కొట్టుగా మొదలైంది. మొదటిరోజు అమ్మకం 11 డాలర్ల 6 సెంట్లు. 1866కల్లా ఆ కొట్టు అజమాయిషీ మార్గరెట్ గెట్చెల్ అనే స్త్రీ చేతిలో పెట్టారు. అంటే తనూ ఒక ఊరి బిడ్డే. కానీ అందరి పేర్లూ మింగాక ఏమైంది? మూడేళ్లలో 150 కొట్లు మూస్తామని 2024 ఫిబ్రవరిలో మేసీస్ వాళ్లే ప్రకటించారు. ఫిలడెల్ఫియాలో వానమేకర్ మేడలోని వాళ్ల కొట్టు 2025 మార్చిలో మూతపడింది. ఇప్పుడు జనం ఫోన్లోనే అన్నీ తెప్పించుకుంటున్నారు.

తిరుగు ప్రయాణంలో పిన్ని కూతురు మమ్మల్ని స్టేషన్లో దించుకుని కారెక్కిస్తూ, "ఈ చలిలో అంతదూరం ఎందుకమ్మా? కావలసినవన్నీ గుమ్మంలోకి వస్తున్నాయిగా!" అంది. ఆ అమ్మాయి ప్రేమగానే అంది.

పిన్ని సీటు బెల్టు పెట్టుకుంటూ, "వస్తువులు వస్తున్నాయే. నేనే ఎక్కడికీ పోవడం లేదు" అంది.

కారులో ఇంకెవరం మాట్లాడలేదు. నేను ఫోన్లో నవ్విన నవ్వు నాకు గుర్తొచ్చింది. ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, ఒక ఆడమనిషి వెళ్లి కాసేపు కూర్చోగలిగిన చోటు పేరు అది. ఆ పేరు తీసేశారు.

నేను బయల్దేరే ముందురోజు పిన్ని వంటింట్లోంచి కేకేసింది. "రేపు నీ విమానం సాయంత్రం కదా? పదకొండింటికి ఒక్కసారి ఊళ్లోకి వెళ్లొద్దాం. నాకు బ్యాంకులో పనుంది, నువ్వు ముందెళ్లు. గడియారం కింద కలుద్దాం."

పదకొండుకి పది నిమిషాలుండగానే వెళ్లి నిలబడ్డాను.