డెలివరీ తర్వాత బరువు తగ్గాలా? పథ్యం పేరుతో పస్తులుంటే మొదటికే మోసం!

బిడ్డ పుట్టి మూడు నెలలైనా కాదు.. చుట్టాల నుంచి "ఇంకా తగ్గలేదేంటమ్మా?" అనే ప్రశ్న మొదలైపోతుంది. దీంతో చాలామంది బాలింతలు తిండి తగ్గించేస్తుంటారు. మరోవైపు ఇంట్లో పెద్దలు పప్పు వద్దు, పెరుగు వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దంటూ పథ్యం పెడతారు. ఈ రెండూ కలిస్తే తగ్గేది బరువు కాదు, ఒంట్లో సత్తువ. మరి ఆరోగ్యంగా తగ్గాలంటే ఏం చేయాలి? తెలుసుకుందాం.

వెంటనే ఎందుకు తగ్గరు?

ప్రసవం సమయంలో బిడ్డ, మాయ, ఉమ్మనీరు బరువు కలిపి సుమారు 5 నుంచి 6 కిలోలు తగ్గుతాయి. మిగిలింది గర్భంతో ఉన్నప్పుడు శరీరం పాల కోసం దాచుకున్న కొవ్వు, నీరు. గర్భసంచి మామూలు సైజుకు రావడానికే దాదాపు 6 వారాలు పడుతుంది. అందుకే అప్పటివరకు పొట్ట ఎత్తుగా కనిపించినా కంగారు పడక్కర్లేదు. నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుందేమో కానీ, కొవ్వును కరిగించదు.

పాలిచ్చే తల్లికి ఎంత తిండి కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు అదనంగా 600 కిలోకేలరీలు, ఆ తర్వాత 6 నెలలు 520 కిలోకేలరీలు కావాలి. అంటే ఇది పస్తులుండే సమయం కానే కాదు. తినడం మానేస్తే నీరసం, రక్తహీనత, మలబద్ధకం వెంటపడతాయి.

ఏం తినాలి? ఏం తగ్గించాలి?

* పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు, ఆకుకూరలు, మునగాకు, రాగి జావ రోజువారీ తిండిలో ఉండాలి.
* దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. పాలిచ్చే ముందు ఒక గ్లాసు తాగడం మంచి అలవాటు.
* బలం కోసమని నెయ్యి, బెల్లంతో చేసిన కాయం, సున్నుండలు పెడతారు. ఒకటి చాలు, నాలుగు తింటే బరువు తగ్గదు.
* బిస్కెట్లు, కూల్ డ్రింకులు, బజ్జీలు పక్కన పెట్టాలి.
* ఐరన్, కాల్షియం మాత్రలు ప్రసవం తర్వాత కూడా 6 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవి ఉచితం.

వ్యాయామం ఎప్పుడు?

నార్మల్ డెలివరీ అయితే కొన్ని రోజులకే మెల్లగా నడక మొదలుపెట్టొచ్చు. మూత్రం ఆపుకునే కండరాలను 5 సెకన్లు బిగించి వదలడం, ఇలా 10 సార్లు చేయడం కూడా మంచిదే. సిజేరియన్ అయితే పొట్ట వ్యాయామాలకు తొందరపడొద్దు. 6 వారాల చెకప్‌లో డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టాలి. అప్పటిదాకా బిడ్డ కంటే బరువైనవి ఎత్తకూడదు.

ఆ తర్వాత వారానికి అరకిలో తగ్గితే చాలు. 9 నెలల్లో పెరిగింది 9 వారాల్లో పోవాలనుకోవద్దు. పాలిస్తే కొందరు త్వరగా తగ్గుతారు, కొందరు తగ్గరు. అది వాళ్ల తప్పు కాదు. పాలిచ్చే రోజుల్లో బరువు తగ్గించే మాత్రలు, పొడుల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

ఇవి ఉంటే డాక్టర్ దగ్గరికి..

సరిగ్గా తింటున్నా నెలల తరబడి బరువు తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. జ్వరం, అధిక రక్తస్రావం, ఒక కాలు వాచి నొప్పి పుడితే ఆలస్యం చేయొద్దు. రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు ఆగకపోతే అది కూడా వైద్యం అవసరమైన సమస్యే. ఇంట్లో వాళ్లు ఆమె బరువు గురించి కాదు, ముందు దీని గురించి అడగాలి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. షుగర్, బీపీ లాంటి సమస్యలున్నవారు డాక్టర్ సలహా తీసుకున్నాకే పాటించాలి.