లోపలి నుంచి తీసిన గడియ

ఫాసిస్టులు 1922 అక్టోబరులో రోమ్ మీదికి దండెత్తి అధికారం గుంజుకున్నారని ముస్సోలినీ ప్రభుత్వం ఏళ్ల తరబడి చెప్పుకుంది. నిజానికి దండయాత్ర జరుగుతున్నప్పుడు అతను మిలాన్‌లోనే ఉన్నాడు. రాజు నుంచి పిలుపు వచ్చాకే రాత్రి రైలెక్కి, 30వ తేదీ ఉదయం రాజధానిలో దిగాడు. 1919 ఎన్నికల్లో అతని ఉద్యమానికి ఒక్క సీటూ రాలేదు. మిలాన్‌లో ఐదు వేల ఓట్లయినా పడలేదు. అలాంటివాడు మూడేళ్లలో ప్రధాని అయ్యాడంటే కారణం అతని బలం కాదు. ఎవరి అవసరం కోసం వాళ్లు అతనికి చేయందించారు.

మొదట చేయందించింది పో నదీ లోయలోని భూస్వాములు. అక్కడ ఏ పొలానికి ఎంతమంది కూలీలను పెట్టుకోవాలో, ఎంత కూలి ఇవ్వాలో వ్యవసాయ కూలీల సంఘాలు నిర్ణయించే స్థితి వచ్చింది. 1920 చివరి నుంచి ఫాసిస్టుల నల్లచొక్కాల ముఠాలు ఆ సంఘాల కార్యాలయాలను, సహకార దుకాణాలను తగలబెట్టాయి, నాయకులను కొట్టి ఆముదం తాగించాయి, సోషలిస్టు మేయర్ల చేత రాజీనామాలు చేయించాయి. డబ్బు భూస్వాములది. లారీలు, తుపాకులు చాలాచోట్ల సైన్యం నుంచి, పోలీసుల నుంచి వచ్చాయి. ఇదంతా విప్లవ భయం వల్లే జరిగిందని వాదించేవారున్నారు. ఆ భయం నిజమే, కానీ తేదీలు ఆ వాదనకు సాక్ష్యం చెప్పవు. కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించుకున్నది 1920 సెప్టెంబరులో, అదే నెలలో ఒప్పందంతో అది ముగిసిపోయింది. దాడులు ముమ్మరమైంది ఆ తర్వాత, కార్మికోద్యమం వెనకడుగు వేస్తున్నప్పుడు. సోషలిస్టులు విప్లవం గురించి ప్రసంగాలు చేశారే తప్ప దానికి సిద్ధపడలేదు, ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని నిలబెట్టడానికీ ముందుకు రాలేదు. 1921 జనవరిలో లివోర్నోలో చీలిపోయారు కూడా. అది పెద్ద తప్పే. అయినా దెబ్బలు తిన్నవారినీ కర్ర అందించినవారినీ ఒకే గాట కట్టలేం.

అందరిలోకీ ఎక్కువ బాధ్యత ఉదారవాద నాయకులదని నా నిశ్చితాభిప్రాయం. 1921 మే ఎన్నికల్లో ప్రధాని జొలిత్తి ఫాసిస్టులను తన కూటమి జాబితాల్లో చేర్చుకున్నాడు. పార్లమెంటులో అడుగుపెడితే వాళ్లే దారికొస్తారని అతని లెక్క. 535 సీట్లలో వాళ్లకు దక్కినవి 35 మాత్రమే, అయితే వాటితో పాటు కొండంత గౌరవం దక్కింది. అప్పటికే వాళ్లను ఎదిరించడం అసాధ్యమైపోయిందన్న వాదన కూడా నిలవదు. ఆ జులైలో సర్జానాలో కొద్దిమంది పోలీసులు కాల్పులు జరిపితే వందలాది ఫాసిస్టులు చెల్లాచెదురైపోయారు. 1922 ఆగస్టులో పార్మా కార్మికులు ఫాసిస్టు నాయకుడు బాల్బో దళాలను ఊళ్లోకి రానివ్వలేదు. అక్టోబరు 28 ఉదయం ప్రధాని ఫక్తా సైనిక పాలన ఉత్తర్వు సిద్ధం చేసి తెచ్చాడు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. సైన్యం మాట వినదేమోనని ఆయన జంకాడనే అనుకుందాం. వింటుందో లేదో తెలియాలంటే ముందు ఆజ్ఞ ఇవ్వాలి కదా! కొత్త మంత్రివర్గంలో ఉదారవాదులు, కాథలిక్ పాపులర్ పార్టీవారు, మాజీ సైన్యాధిపతి దియాజ్ చేరారు. నవంబరులో దిగువ సభ 116 మీద 306 ఓట్లతో విశ్వాసం ప్రకటించింది. 1923లో, పాతిక శాతం ఓట్లతో ముందు నిలిచిన జాబితాకు మూడింట రెండొంతుల సీట్లు కట్టబెట్టే ఆచెర్బో చట్టం వచ్చింది. దాన్ని ఆమోదించిన సభలో కూడా ఫాసిస్టులు మైనారిటీయే.