దూలానికి కట్టిన రాగి తీగ

1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చేనాటికి దక్కన్ రేడియో బలం 200 వాట్లే. హైదరాబాదులో మొదలైన ఆ గొంతు, అప్పట్లో జిల్లా కేంద్రమైన ఆసిఫాబాద్ చేరాలంటే గాలిలో 230 కిలోమీటర్ల దాకా రావాలి. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టాక కొంత నయమైంది. అయినా అంత దూరాన కూర్చుని వినేవాళ్లకు రేడియో ఎంత ముఖ్యమో, ఏరియల్ అంతే ముఖ్యం.

రేడియో షాపుల్లో అమ్మిన ఇంటి ఏరియల్ రాగి జాలీ పట్టీ. సన్నని రాగి పోగులతో రిబ్బనులా అల్లిన ఆ పట్టీని గోడ నుంచి గోడకు, దూలం నుంచి దూలానికి లాగి కట్టేవారు. రెండు కొసల్లో ఇన్సులేటర్లు, ఒక కొస నుంచి రేడియో వెనక రంధ్రంలోకి దిగే తీగ. వానాకాలం ఉరుముల్లో ఆరుబయటి తీగకు పిడుగు భయం, లోపలి పట్టీతో ఆ బెంగ తక్కువ.

అసలు తేడా కప్పుతోనే వస్తుంది. గూనపెంకుల ఇంట్లోకి రేడియో తరంగం సులువుగా దిగుతుంది, ఇనప రేకులు మాత్రం దాన్ని అడ్డుకుంటాయి. రేకుల కింద ఎంత మంచి రాగి కట్టినా దండగే.

ట్రాన్సిస్టర్లు వచ్చాక మీడియం వేవ్‌కు పెట్టెలోని ఫెర్రైట్ కడ్డీయే సరిపోయింది, జాలీ పట్టీలు అటకెక్కాయి. 1986లో ఆకాశవాణి ఆదిలాబాద్ ఎఫ్‌ఎం వచ్చాక ముప్పావు మీటరు తీగ చాలు.

ఇంట్లో తీగ కట్టే విద్యను హామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో నడిపేవాళ్లు, మాత్రం వదల్లేదు. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్న హామ్‌కు వినడంతో పని అయిపోదు, పంపాలి కూడా. 7 మెగాహెర్ట్జ్‌లో డైపోల్ అనే ఏరియల్‌కు 20 మీటర్ల తీగ కావాలి, మామూలు ఇంట్లో పట్టదు. 28 మెగాహెర్ట్జ్‌కైతే 5 మీటర్లే, గదిలో మూలకు మూల కట్టొచ్చు.

లావు తీగే మేలన్న నమ్మకం ఇంకా గట్టిగానే ఉంది. కానీ ఇంటి లోపల గాలి ఊపు ఉండదు కనుక లాగుడుకు తట్టుకునే మందం అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైపొరలో, మిల్లీమీటరులో నలభయ్యో వంతు లోతులోనే నడుస్తుంది. మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ తీగ నిక్షేపంగా పనికొస్తుంది. సెంట్రింగు కట్టే ఇనప తీగ వినడానికి ఫర్వాలేదు కానీ, పంపేటప్పుడు శక్తిని వేడిగా తినేస్తుంది. పీవీసీ తొడుగున్న తీగనైతే నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు కురచగా కోయాలి.

జాలీ పట్టీని మేకుకు చుట్టినా ముప్పు లేదు. హామ్ తీగ కొసల్లో మాత్రం పంపేటప్పుడు వోల్టేజీ ఎక్కువ. అందుకే ఆ కొసలు పిల్లల చేతికి, ఇంటి కరెంటు వైర్లకు దూరంగా ఉండాలి.