110వ కీర్తన: వక్తృనిర్ణయం – మెస్సీయ అన్వయం

క్రొత్త నిబంధన రచయితలు పలుమార్లు ఉదాహరించిన హీబ్రూ గీతం 110వ కీర్తన. దేవుడు ‘నా ప్రభువు’తో పలికిన మాటతో ఇది ఆరంభమవుతుంది. ‘నా ప్రభువు’ అన్నది ఎవరు? వక్త ఆస్థానకవి అయితే ఆ ప్రభువు రాజే; ఇది పట్టాభిషేక గీతం. వక్త దావీదే అయితే, ఆ రాజుకే ప్రభువైనవాడు మెస్సీయ కావాలి. మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు వాదానికి ఆధారం ఈ రెండవ అన్వయమే. మూలంలో దైవనామం, ‘అదోనీ’ వేర్వేరు పదాలు. గ్రీకు అనువాదం రెండింటికీ ‘కూరియోస్’ అనే వాడింది. ఈ ఏకపదప్రయోగం క్రైస్తవ వ్యాఖ్యానానికి బలమిచ్చింది. కీర్తన హిజ్కియా రాజుకు వర్తిస్తుందన్న యూదుల వ్యాఖ్యను 2వ శతాబ్దిలో జస్టిన్ ఖండించాడు. అయితే శీర్షికలో దావీదు పేరుకు ముందున్న ‘లె’ కర్తృత్వాన్నే కాక సంబంధాన్నీ, అంకితాన్నీ సూచించగలదు. కనుక శీర్షిక ఒక్కటే వక్తను నిర్ణయించజాలదు. వ్యాఖ్యాతల భేదానికి మూలం ప్రధానంగా పదార్థంలో లేదు, వక్తృనిర్ణయంలో ఉంది.