బంతాటలో పుట్టిన మాట, వీధిలో పెరిగిన పాట



మాటలు పుట్టినచోట నిలవవన్నది భాషాభిమానులందరూ ఎరిగినదే. చదరంగపు బల్ల మీది 'ఎత్తు' రాజకీయ రంగంలో స్థిరపడింది. జూదశాలలోని 'పాచిక' జూదమంటే ఏమిటో తెలియని సాధువుల నోట కూడా పారుతూనే ఉన్నది. అయితే ఆటస్థలంలో వినబడిన ఒక మాట ఒక సంగీతానికి పేరై, ఆ సంగీతం ద్వారా ఒక యుగానికే పేరై, చివరకు 2000 జనవరిలో అమెరికన్ డయలెక్ట్ సొసైటీ పండితులచే ఇరవయ్యవ శతాబ్దపు మేటి పదంగా ఎన్నిక కావడం మాత్రం అరుదైన విశేషం. ఆ మాట జాజ్. ఆ ఆట బేస్‌బాల్.

అమెరికాలోని జాజ్ రసికులలో పలువురు బేస్‌బాల్ పిచ్చివారు కూడా. వారి సంభాషణ సంగీతంతో మొదలై, బేస్‌బాల్ మీదుగా సాగి, ఏదో ఒక టెలివిజన్ ధారావాహిక వద్ద ఆగుతుంది. ఈ మూడు మక్కువలూ ఒకే మనిషిలో కూడడం కేవలం కాకతాళీయమని నేననుకోను. మొదటి రెండూ ఒకే వీధిలో పెరిగిన తోబుట్టువులు. మూడవది ఆ వీధి ఖాళీ అయిన తరువాత వచ్చిన చిత్రకారుడు.

ముందు మాట సంగతి. 1912 ఏప్రిల్ 2వ తేదీ లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికలో బెన్ హెండర్సన్ అనే పిచ్చర్ గురించి ఒక చిన్న వార్త వచ్చింది. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు, మన బౌలరు వంటివాడే గాని, బంతిని నేలకు తాకించకుండా నేరుగా విసురుతాడు. ఆ హెండర్సన్ తాను కనిపెట్టిన కొత్త బంతికి 'జాజ్ బంతి' అని పేరు పెట్టాడు. అది గాలిలో తొణుకుతూ వస్తుందనీ, దానిని ఎవరూ ఏమీ చేయలేరనీ అతని ధీమా. మరుసటి ఏడు, 1913 మార్చిలో, శాన్ ఫ్రాన్సిస్కో బులెటిన్ పత్రిక క్రీడావిలేకరి స్కూప్ గ్లీసన్ ఇదే మాటను పట్టుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో సీల్స్ జట్టు బాయిస్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల ఊరిలో సాధన చేస్తూండగా, అక్కడి నుండి పంపిన వార్తలలో ఆటగాళ్ళలోని చురుకుకు, చేవకు ఈ పేరు వాడాడు. మన ఆలంకారికులు 'ఓజస్సు' అన్నదానికి ఇది దగ్గరి చుట్టం. ఏప్రిల్ 5వ తేదీన అదే పత్రికలో అర్నెస్ట్ హాప్కిన్స్ ఈ పదాన్ని స్తుతిస్తూ ఏకంగా ఒక వ్యాసమే వ్రాశాడు. జీవం, ఉత్సాహం, ధైర్యం, ఆనందం అంటూ అర్థాలు ఏకరువు పెట్టాడు.

ఆ సాధన శిబిరంలో వినోదం కోసం ఆర్ట్ హిక్‌మన్ అనే వాద్యగాడు ఒక మేళం కూర్చాడు. మాట అక్కడి నుండే సంగీతానికి అంటుకున్నదని కొందరంటారు. నికరంగా చెప్పగలిగినది ఇంతే: 1915 నాటికి షికాగో పత్రికలలో అది సంగీతవాచకంగా కనబడుతుంది. ఆఫ్రికా భాషల నుండి వచ్చిందనీ, ఫలానా వ్యక్తి పేరనీ చెప్పే వ్యుత్పత్తులు చాలానే ఉన్నాయి గాని, వాటికి ఆధారాలు దొరకలేదు. మనలోనూ నచ్చిన ధాతువును పట్టి లాగి, కోరిన అర్థం రాబట్టే నైరుక్తికులకు కొదువ లేదు కదా!

ఇక్కడ గమనించదగిన చమత్కారం ఒకటున్నది. మాట పడమటి తీరంలో తెల్లవారి పత్రికలలో పుట్టింది. సంగీతమో, అంతకు ముందే దక్షిణాన న్యూ ఆర్లియన్స్‌లో నల్లవారి వీధులలో ఉన్నది. బడ్డీ బోల్డెన్ తన కార్నెట్‌తో ఆ ఊరిని ఉర్రూతలూగించి, మతి చలించి 1907లో ఆసుపత్రి పాలయ్యేనాటికి ఈ పేరు ఆ సంగీతానికి లేదు. వారు దానిని రాగ్‌టైమ్ అనేవారు. 1917 ఫిబ్రవరిలో తొలి జాజ్ రికార్డు ఇచ్చినవారు అయిదుగురు తెల్లవారు. సిడ్నీ బెషే వంటి న్యూ ఆర్లియన్స్ విద్వాంసులు ఆ పేరు తమది కాదని, తెల్లవారు తగిలించినదని చివరి వరకూ అంటూనే వచ్చారు. బిడ్డ ఒకరిది, నామకరణం మరొకరిది.

బిడ్డను కన్న ఊరికే పోదాం. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో న్యూ ఆర్లియన్స్ విడిచి షికాగో వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ తరువాత, 1931 వేసవిలో, జగమెరిగిన విద్వాంసుడై తిరిగి వచ్చాడు. సబర్బన్ గార్డెన్స్ అనే రంగశాలలో కచేరీ. లోపలికి తెల్లవారికే ప్రవేశం. నల్లవారు వేలాదిగా మిసిసిపి కరకట్ట మీద చేరి, కిటికీల గుండా వచ్చే పాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. లోపల రేడియో వ్యాఖ్యాత ఒక నల్లవాడిని పరిచయం చేయడానికి మనసొప్పక తప్పుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ మైకు అందుకుని తన్ను తానే పరిచయం చేసుకున్నాడు. ఆశ్రయమిచ్చిన ఊరు నెత్తిన పెట్టుకున్నది, కన్న ఊరు గుమ్మం దాకా రానిచ్చి నోరు మూసుకున్నది.

ఆ వేసవిలోనే ఆయన చేసిన మరొక పని నాకు మరింత ముచ్చట గొలుపుతుంది. స్థానిక నల్లజాతి కుర్రవాళ్ళ బేస్‌బాల్ జట్టు ఒకదానిని చేరదీసి, తెల్లని కొత్త దుస్తులు కుట్టించాడు. ఛాతీ మీద 'ఆర్మ్‌స్ట్రాంగ్' అనే అక్షరాలు. జట్టు పేరు 'సీక్రెట్ నైన్', అంటే రహస్య నవకం. బేస్‌బాల్ జట్టులో మైదానంలో నిలిచేవారు తొమ్మిదిమంది. విక్రమాదిత్యుని కొలువులో తొమ్మిది రత్నాలకు కొత్త బట్టలు పెట్టినట్లున్నది వ్యవహారం. వారందరితో కలిసి ఆయన దిగిన ఛాయాచిత్రం నేటికీ దొరుకుతుంది. బేస్‌బాల్‌లో గమ్యం చేరడానికి మట్టిలో జారుతూ దూకాలి. మా కుర్రాళ్ళు కొత్త బట్టలు మాసిపోతాయని దూకడం మానుకున్నారు, అందుకే ఓడిపోయారు అని ఆర్మ్‌స్ట్రాంగ్ నవ్వుతూ చెప్పుకునేవాడు. హాస్యంగా చెప్పిన మాటే గాని, కొత్త చొక్కా విలువ ఎరిగిన పేదపిల్లల చిత్రం ఇంతకంటే చక్కగా ఏ కవి గీయగలడు?

డ్యూక్ ఎలింగ్టన్ కథ ఇంకొక రకం. వాషింగ్టన్‌లో ఆయన బాల్యపు తొలి ఉద్యోగం బేస్‌బాల్ మైదానంలో వేరుశనగకాయలు అమ్మడం.

అసలు వీధి కాన్సాస్ సిటీలో ఉన్నది. పద్దెనిమిదవ వీధి, వైన్ వీధి కలిసే కూడలి. 1920 ఫిబ్రవరి 13న, ఆ పేటలోని పాసియో వై.ఎం.సి.ఏ. భవనంలో రూబ్ ఫోస్టర్ పెద్దరికాన నల్లజాతి జట్ల యజమానులు సమావేశమై నీగ్రో నేషనల్ లీగ్ స్థాపించారు. తెల్లవారి లీగులు నల్లవారిని రానివ్వనందున తమకు తామే కట్టుకున్న ఇల్లు అది. అదే ఏడు ఆగస్టు 29న, నదికి ఆవలి ఒడ్డున, కాన్సాస్ రాష్ట్రపు కాన్సాస్ సిటీలో చార్లీ పార్కర్ పుట్టాడు.

ఆ కూడలిలో కాన్సాస్ సిటీ మోనార్క్స్ ఆటగాళ్ళు, జాజ్ వాద్యగాళ్ళు ఒకే హోటలులో దిగేవారు, ఒకే బల్ల వద్ద భోంచేసేవారు. కారణం స్నేహం మాత్రమే కాదు. ఊరిలోని తక్కిన హోటళ్ళు ఇద్దరినీ రానివ్వవు. ఆదివారం మోనార్క్స్ ఆట ఉంటే చర్చిలో ప్రార్థన త్వరగా ముగించేవారట, భక్తులు పండుగ బట్టలతోనే మైదానానికి నడిచేవారట. జట్టు యజమాని విల్కిన్సన్ 1930లోనే లారీల మీద దీపస్తంభాలు మోయించి రాత్రి ఆటలు ఆడించాడు. తెల్లవారి పెద్ద లీగులో తొలి రాత్రి ఆట 1935లో గాని జరగలేదు.

రాత్రి ఆట ముగిస్తే పాట. నగర రాజకీయాలను గుప్పిట పెట్టుకున్న పెండర్గాస్ట్ పుణ్యమా అని, మద్యనిషేధం రోజులలో కూడా అక్కడి పానశాలలు తెల్లవార్లూ తెరిచే ఉండేవి. ఆయన పుణ్యాత్ముడేమీ కాదు, 1939లో పన్ను ఎగవేత నేరం క్రింద జైలుకు పోయాడు. కాని కళకు కొన్నిసార్లు ఇటువంటి దాతలే దొరుకుతారు, మన సంస్థానాల చరిత్ర ఎరిగినవారు దీనికి ఆశ్చర్యపోరు. ఆ పానశాలలలో జరిగే 'జామ్ సెషన్' అంటే అవధాన సభ వంటిదే. ఛందస్సు బిగించి ఉంటుంది, సమస్య అప్పటికప్పుడు ఇస్తారు, పూరణ ఆశువుగా రావాలి. 1933 చివరలో న్యూయార్కు నుండి వచ్చిన శాక్సోఫోన్ దిగ్గజం కోల్‌మన్ హాకిన్స్‌ను, ఊరి కుర్రవాళ్ళు లెస్టర్ యంగ్, బెన్ వెబ్‌స్టర్ తదితరులు చెర్రీ బ్లాసమ్ అనే చోట ఎదుర్కొన్నారు. పియానో వాయించేవారు అలసి సోలిపోతే, తెల్లవారుజామున నాలుగు గంటలకు వెబ్‌స్టర్ వచ్చి తన కిటికీ తట్టి లేపాడని మేరీ లూ విలియమ్స్ చెప్పింది. ఆ రాత్రి యంగ్‌దే పైచేయి అయిందని ఐతిహ్యం.

ఇక గోడ కూలిన సంగతి. 1945లో మోనార్క్స్ జట్టులో ఆడిన జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున పెద్ద లీగు మైదానంలో అడుగుపెట్టాడు. దానికి మూడు నెలల ముందు, జనవరి 20న, నల్లజాతి లీగులలో మహాబలుడు జాష్ గిబ్సన్ 35 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ తలుపు తెరుచుకోవడం అతడు చూడలేదు. అదే ఏటి వరల్డ్ సిరీస్ టెలివిజన్‌లో ప్రసారమైన తొలి వరల్డ్ సిరీస్. ఇంటింటా పెట్టెలు లేని కాలం, జనం పానశాలలలో గుమిగూడి చూశారు. రాబిన్సన్‌పై బడ్డీ జాన్సన్ కట్టిన పాటను 1949లో కౌంట్ బేసీ రికార్డు చేశాడు. ఆట, పాట, తెర అప్పటికి ఒకచోట చేరాయి.

కాని రాబిన్సన్‌ను తీసుకుపోయినందుకు డాడ్జర్స్ వారు మోనార్క్స్‌కు ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు, వారి వెనుక ప్రేక్షకులూ వెళ్ళారు. 1948తో నీగ్రో నేషనల్ లీగ్ మూతబడింది. న్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. ఆ న్యాయానికి వెల చెల్లించినది మాత్రం అన్యాయం చేసినవారు కాదు, ఆ వీధిలోని హోటలువాడు, దర్జీ, టిక్కెట్లు అమ్మేవాడు. ఈ లెక్క చరిత్రకారులు తక్కువగా వేస్తారు.

టెలివిజన్ నాటకం జాజ్‌ను చేరదీసిన తీరు కూడా చిత్రమైనదే. 1958లో వచ్చిన పీటర్ గన్ అనే అపరాధ పరిశోధక ధారావాహికకు హెన్రీ మాన్సినీ జాజ్ బాణీలో సంగీతం కూర్చాడు. దాని రికార్డు తొలి గ్రామీ పురస్కారాలలో ఉత్తమ ఆల్బమ్ గౌరవం పొందింది. అప్పటి నుండి తెర మీద జాజ్ అంటే రాత్రి, సిగరెట్టు పొగ, హత్య. పాట ఇంటింటికీ చేరింది గాని, పాటగాడు చేరలేదు. అంతకు ముందే 1956-57లో నాట్ కింగ్ కోల్ తన పేరిట కార్యక్రమం నడిపితే, దేశవ్యాప్త ప్రకటనదారు ఒక్కడూ ముందుకు రాలేదు.

ఆ బాకీ కొంత తీర్చినది, నా మట్టుకు, 2010 నుండి 2013 వరకు హెచ్.బి.ఓ.లో వచ్చిన ట్రెమే. డేవిడ్ సైమన్, ఎరిక్ ఓవర్‌మయర్ కలిసి సృష్టించిన ఈ 36 భాగాల ధారావాహిక న్యూ ఆర్లియన్స్‌లోని ఆ పేరుగల పేట కథ. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను ఊరిని ముంచిన తరువాతి కాలం. కర్మిట్ రఫిన్స్, డాక్టర్ జాన్ వంటి అసలు విద్వాంసులు తమ పాత్రలలో తామే కనిపిస్తారు. వెండెల్ పియర్స్ ట్రోంబోన్ వాద్యగాడుగా నటించాడు, ఆయనది ఆ ఊరే. మొదటి భాగంలోనే ఆ వాద్యగాడు టాక్సీవాడితో కిరాయి బేరమాడి, హడావిడిగా దిగి ఊరేగింపులో కలుస్తాడు. ఈ నాటకంలో జాజ్ వాతావరణం కోసం వేసిన పొగ కాదు, పొట్టకూటి వృత్తి. మన నాదస్వర విద్వాంసులు పెళ్ళివారితో సంభావన తేల్చుకుని పందిట్లో కూర్చోవడం చూసినవారికి ఆ దృశ్యం పరాయిగా తోచదు. కొందరు విమర్శకులు కథ నెమ్మదిగా సాగిందన్నారు. ఆలాపన నెమ్మదిగా సాగక ఏమి చేస్తుంది?

బేస్‌బాల్ బాకీ తీరడానికి ఇంకా ఆలస్యమైంది. 1920-48 నడుమ నడిచిన ఏడు నల్లజాతి లీగులను పెద్ద లీగులుగా 2020 డిసెంబరులో గుర్తించారు. 2024 మేలో 2,300 మందికి పైగా ఆటగాళ్ళ అంకెలు అధికారిక పట్టికలలో చేర్చారు. అంతవరకు తరగని రికార్డుగా చెప్పుకున్న టై కాబ్ జీవిత సగటు .367. గిబ్సన్‌ది .372. మరణించిన 77 ఏళ్ళకు అతడు అగ్రస్థానంలో కూర్చున్నాడు.

పద్దెనిమిదవ వీధి, వైన్ కూడలిలో 1997 నుండి ఒకే కప్పు క్రింద రెండు ప్రదర్శనశాలలు ఉన్నాయి. ఒకవైపు అమెరికన్ జాజ్ మ్యూజియం. చార్లీ పార్కర్ 1953లో టొరంటో కచేరీలో వాయించిన తెల్లని ప్లాస్టిక్ శాక్సోఫోన్ అందులో ఉన్నది. మరొకవైపు నల్లజాతి లీగుల బేస్‌బాల్ మ్యూజియం. దాని నడుమ చిన్న మైదానం, అందులో ఆయా స్థానాలలో నిలిచిన ఆటగాళ్ళ నిలువెత్తు కంచు విగ్రహాలు. జాష్ గిబ్సన్ కూడా అక్కడున్నాడు. లోపలికి వచ్చిన వారికి ఆ మైదానం మొదట ఇనుపవల కంచె వెనుకనే కనబడుతుంది. అందులో అడుగుపెట్టడానికి వీలు లేదు. గోడల వెంట చరిత్రంతా చదువుకుంటూ చుట్టూ తిరిగి వచ్చినవారికి, చిట్టచివర, కంచె దాటే దారి ఉంటుంది.

స్వస్తి.