పాఠానికి పట్టం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. మరుసటి ఏడాదే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మన పిల్లల పట్టాల మీద విశ్వవిద్యాలయం పేరు మారుతూ వచ్చింది. పాఠం మాత్రం మన ఊళ్లలోని అనుబంధ కళాశాలల తరగతి గదుల్లోనే సాగింది. అందుకే ఈ ఉత్సవ సంచికలో మన కళాశాల చరిత్ర రాసేటప్పుడు ముందు రాయాల్సింది అధ్యాపకుల పేర్లే.

అయితే అధ్యాపకుల పనికి గుర్తింపు తేలిగ్గా దొరకదు. ఎమ్మిగనూరులో 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన మాచాని సోమప్పకు దేశం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. నేసిన గుడ్డను చేత్తో పట్టి నాణ్యం చెప్పవచ్చు. చెప్పిన పాఠం అలా చేతికి చిక్కదు. దాని విలువ తెలిసేది విన్న విద్యార్థికే.

మైసూరు విద్యార్థులకు ఆ విలువ తెలుసు. 1921లో తమ అధ్యాపకుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ కలకత్తాకు బయల్దేరినప్పుడు, ఆయన బండిని వాళ్లే లాగి రైల్వే స్టేషనుకు చేర్చారు. దరఖాస్తు లేని సన్మానం అది. 1962 నుంచి ఆయన పుట్టినరోజునే ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958లోనే మొదలైనా, ఉన్నత విద్య అధ్యాపకులకు వాటిలో చోటు దక్కింది 2023లో. ఇక 2010 నాటి యూజీసీ నిబంధనలు పదోన్నతులకు మార్కుల పద్ధతి తెచ్చాయి. పరిశోధన పత్రాలకూ సదస్సులకూ మార్కులు వేయడం తేలిక. అర్థంకాని పాఠాన్ని నాలుగోసారి కూడా విసుగు లేకుండా చెప్పిన ఓర్పుకు ఎన్ని మార్కులు వేస్తారు?

మన జిల్లా పడమటి మండలాల్లో ఆ ఓర్పే పెద్ద చదువు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి, మిరప పనులకు సుగ్గికి (వలసకు) పోతాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్ల, నెలలు గడిచాక తిరిగొచ్చి బెంచీలో కూర్చుంటుంది. పోయిన పాఠాలు మళ్లీ చెప్పి, పరీక్ష ఫీజు గడువు గుర్తుచేసి, ఆమెను చివరి సెమిస్టరు దాటించిన అధ్యాపకుడి పని ఏ పట్టికలోనూ కనిపించదు. విద్యార్థి ఎక్కడ బయల్దేరి ఎంత దూరం వచ్చిందో చూడకుండా ఉత్తమ బోధనను తేల్చలేం.

కాబట్టి ఈ ఉత్సవ సంవత్సరంలో మన కళాశాల సొంతంగా ఒక బోధనా పురస్కారం నెలకొల్పాలని నా కోరిక. పేరు ప్రతిపాదించే హక్కు విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు ఉండాలి. అధ్యాపకులే తమకు తాము దరఖాస్తు పెట్టుకునే పద్ధతి వద్దు. ప్రతిపాదించినవారు ఒక పేజీలో ఏ పాఠం, ఎలా చెప్పారు, దానితో తమకేం ఒరిగింది అన్నది రాయాలి. ఎంపిక సంఘంలో వేరే కళాశాల అధ్యాపకులొకరు ఉండాలి, వాళ్లు తరగతిలో కూర్చుని పాఠం వినాలి. రెగ్యులర్ వారితో సమానంగా అతిథి అధ్యాపకుల పేర్లూ పరిశీలించాలి. ఎంపికైనవారి పాఠం కొత్తగా చేరిన లెక్చరర్లు వచ్చి వినే ఏర్పాటు జరగాలి.

సన్మానంలో కప్పే శాలువా ఆ సాయంత్రానికే. విద్యార్థి రాసిన ఆ పేజీని కళాశాల రికార్డుల్లో భద్రపరిస్తే, తరువాతి ఉత్సవ సంచిక రాసేవారికి మన కళాశాల చరిత్ర సిద్ధంగా ఉంటుంది.